గాజు గుడ్డలో ఆ నీలం పోగు

గాజు గుడ్డ అంటే గాయాలకు కట్టే పల్చటి నూలు గుడ్డ (గాజ్). దాన్ని వదులుగా ఎందుకు నేస్తారో నేను చదివిన ఒక వ్యాసంలో బాగా చెప్పారు. ఆపరేషన్ థియేటర్ సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను పనిచేసేది అక్కడే కాబట్టి రెండు ముక్కలు.

కడుపు ఆపరేషన్లలో వాడే గాజులో ఒక నీలం పోగు కనిపిస్తుంది, చూసే ఉంటారు. అందులో బేరియం సల్ఫేట్ ఉంటుంది, ఎక్స్‌రేలో తెల్లటి గీతలా పడుతుంది. నెత్తురు పీల్చి ముద్దయిన గాజు పేగుల మధ్య ఉంటే కంటికి ఆనదు మరి! అందుకే మొదలుపెట్టే ముందు, మళ్లీ కుట్లు వేసే ముందు ఈ గుడ్డలను లెక్కపెడతాం. ఒక్కటి తగ్గిందా, అందరికీ టెన్షనే. చెత్త బకెట్‌తో సహా వెతుకుతాం. దొరక్కపోతే ఎక్స్‌రే తీయాల్సిందే.

ఇంట్లో కట్లు మార్చేవాళ్లకు ఒక మాట. అంటుకుపోయిన గాజును ఎండుగా పీకకండి. రసి ఆ నేతలోకి దిగి గట్టిపడి ఉంటుంది, లాగితే కొత్తగా వస్తున్న కండ కూడా ఊడొస్తుంది. సెలైన్‌తో (శుభ్రమైన ఉప్పునీటి ద్రావణం) బాగా తడిపి, కాసేపు ఆగి మెల్లగా తీయండి. కాలిన గాయాలకైతే పారఫిన్ (మైనం లాంటి జిడ్డు) పట్టించిన గాజు మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అది అంతగా అంటుకోదు. దయచేసి పచ్చి గాయం మీద నేరుగా దూది మాత్రం పెట్టకండి, ఆ నూగు తీయలేక మా ప్రాణం పోతుంది.