పేరు మారిస్తే రిపోర్టు సిద్ధం

చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో ప్రత్యేకంగా ఇబ్బంది పడేవాళ్లను పరీక్షించి రాసే రిపోర్టుకి ఇన్నాళ్లూ పట్టిన పీడ ఏమిటో సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టారు. ఆ పీడ పేరు పిల్లాడు. పరీక్ష రెండు మూడు గంటల్లో ముగుస్తుంది, రిపోర్టు మాత్రం రోజులు తింటుంది. కారణం ఒక్కటే: రాసే మనిషి మధ్యమధ్యలో ఆగి, ఎదురుగా కూర్చున్న పిల్లాడి గురించి ఆలోచిస్తాడు. ఆ దురలవాటు మాన్పించడానికే ఈ సాఫ్ట్‌వేర్ అవతరించింది. ముడి స్కోర్లు, అంటే సరైన జవాబుల లెక్క, ఇటు పోస్తే అటునుంచి 38 పేజీలు రాలతాయి. పిండిమర కూడా ఇంత ఉదారం కాదు, దానికి కనీసం గింజలు పోయాలి.

మొదటి గడి పుట్టిన తేదీ. సగం విద్య ఇక్కడే ఉంది. ముడి స్కోరుకి విలువ కట్టేది వయసే. ఏ వయసుకి ఎంత స్కోరు మామూలో చెప్పే నార్మ్స్ పట్టికలో కొన్ని నెలలకోసారి వరస మారిపోతుంది. 2014 సెప్టెంబరు 28న పుట్టిన అమ్మాయిని 2024 మార్చి 3న పరీక్షించారనుకోండి. రోజుల దగ్గర 30, నెలల దగ్గర 12 అరువు తెచ్చుకుని తీసేస్తే 9 ఏళ్ల 5 నెలల 5 రోజులు వస్తుంది. చేత్తో లెక్కేసేవాళ్లు బోల్తా పడేది ఈ అరువు దగ్గరే కాబట్టి, ఆ పని యంత్రానికి అప్పగించడం నిజంగానే మంచిది. కాకపోతే వయసు లెక్కకి పరీక్ష తేదీ బదులు ఇవాళ్టి తేదీ తీసుకునే సూత్రం ఒకటి ఉంటుంది. దాని మహిమ వల్ల ఫైలు తెరిచిన ప్రతిసారీ అమ్మాయి ఎదుగుతుంది. ముడి స్కోరు మాత్రం ఎదగదు. నాలుగు వారాలయ్యాక, ఒక్క అక్షరదోషం దిద్దుదామని మార్చి 31న తెరిస్తే ఆమెకి 9 ఏళ్ల 6 నెలలు నిండిపోయి ఉంటాయి. పట్టికలో వరస అక్కడ మారిందంటే స్టాండర్డ్ స్కోరు, అంటే తోటి వయసువాళ్లతో పోల్చి కట్టే స్కోరు, ఇంకాస్త దిగి కూర్చుంటుంది. ఈలోపు ఆ అమ్మాయి చేసిన నేరం ఏమీ లేదు, రోజూ బడికి వెళ్లొచ్చిందంతే. ఇక 03/04 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా అన్నది కంప్యూటర్ ఏ దేశపు పద్ధతిలో ఉందో దాని దయ.

తర్వాతిది ఖాళీ గడి. పిల్లాడు అలిసిపోయాడని ఒక ఉపపరీక్ష వదిలేశారు. చేయించకపోవడం వేరు, చేసి సున్నా తెచ్చుకోవడం వేరు అని మనుషులు తేడాలు చూస్తారు. యంత్రం సమదర్శి. ఖాళీని సున్నాగా చదివి, సున్నాని పట్టిక అడుగుకి తీసుకెళ్లి 55 అని రాసి, కింద చక్కటి వాక్యం కూడా అతికిస్తుంది: ‘ఈ నైపుణ్యంలో తీవ్రమైన లోపం స్పష్టంగా కనిపించింది.’ అసలు జరగని పరీక్షలో కనిపించడం కూడా ఒక నైపుణ్యమే.

కూడికలు, సగటులు చెప్పనక్కర్లేదు. సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాయో చెప్పే అంకె) 15 ఉన్న కొలబద్ద మీద రెండు పరీక్షల్లో 70, 70 వచ్చాయి. వాటి మధ్య సహసంబంధం, అంటే ఒకటి తగ్గితే రెండోదీ తగ్గే పోకడ, 0.5 అనుకుందాం. మొత్తం స్కోరు ఎంత? సాఫ్ట్‌వేర్ 70 అంటుంది. సరైన జవాబు దాదాపు 65. ఒక పరీక్షలో అంత తక్కువ రావడం కంటే రెండిట్లోనూ అంత తక్కువ రావడం అరుదు, ఆ అరుదుతనమే స్కోరుని ఇంకా కిందికి లాగుతుంది. అందుకే మాన్యువల్‌లో మొత్తం స్కోర్లకి విడిగా పట్టిక ఇస్తారు. సగటు కట్టడం తేలికైన పని కాబట్టి ఆ పట్టిక జోలికి ఎవరూ పోరు.

స్కోరుకి పేరు పెట్టే పద్ధతీ ముచ్చటైనదే. ఒక పరీక్ష 85 నుంచి 115 వరకు ‘సగటు’ అంటుంది, ఇంకొకటి 90 దగ్గరే మొదలుపెడుతుంది. కాబట్టి ఒకే పేజీలో పై పేరాలో 87 సగటు, కింది పేరాలో అదే 87 సగటుకి తక్కువ. మరోచోట 16వ పర్సెంటైల్‌ని ‘16%’ అని అచ్చువేస్తారు. తన వయసు పిల్లలు వందమందిలో దాదాపు 16 మంది ఆ స్కోరు దగ్గరో, అంతకన్నా కిందో ఉన్నారని దానర్థం. తల్లిదండ్రులు మాత్రం వందకి పదహారు మార్కులని చదువుకుని, ఇంటికెళ్లి పిల్లాడికి ట్యూషన్ పెట్టిస్తారు.

ఏ స్కోరూ ఒక్క చుక్క కాదు, దానికి ఇటూ అటూ జాగా ఉంటుంది. విశ్వసనీయత (మళ్లీ పెట్టినా అదే స్కోరు వచ్చే నిలకడ, పూర్తిగా ఉంటే 1) 0.91 ఉన్న మంచి పరీక్షలో కూడా 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాదాపు 9 పాయింట్లు అటూ ఇటూ చూసుకోవాలి. 86 అంటే 77కీ 95కీ మధ్య ఎక్కడో. మానసిక, అభివృద్ధి సమస్యల నిర్ధారణకి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన పుస్తకం డీఎస్ఎం-5 కూడా, లోపాన్ని గుర్తించే గీతగా 78 అనే అంకె చెబుతూనే, పరీక్షను బట్టి అది మారవచ్చనీ, నిపుణులు తమ విచక్షణతో గీతని సడలించవచ్చనీ అంది. సాఫ్ట్‌వేర్‌కి ఈ రెండో సగం వినపడలేదు. 78 అయితే లోపం ఉంది, 79 అయితే లేదు. ‘ఎర్రర్ పట్టీలు దాచు’ అనే బటన్ కూడా ఉంటుంది, ఆ ఇటూ అటూ జాగాని చూపే గీతలు లేకుండా రిపోర్టు అందంగా కనిపించడానికి.

అసలు మహత్తు పేరు మార్పిడిలో ఉంది. పోయిన వారం రవి రిపోర్టు తెరిచి, ‘రవి’ ఉన్నచోటల్లా ‘సుమ’ అని ఒక్క దెబ్బకి మార్చేస్తే కొత్త రిపోర్టు. యంత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అందుకే సిఫారసుల్లో ‘విద్యార్థి ప్రయత్నాన్ని టీచర్లు గౌసుమంచాలి’ అని వస్తుంది. ‘గౌరవించాలి’లో రవి నక్కి ఉన్నాడని ఎవరు మాత్రం అనుకుంటారు? సుమ అయిదో పేజీ దాకా అమ్మాయిగానే ఉండి, ఆరో పేజీలో ‘అతను’ అయిపోయి, పదో పేజీలో ఎడమచేతి వాటం సంపాదిస్తుంది. అది రవిది.

ఇక పరిశీలనల గడి. పరిమితి 250 అక్షరాలు, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్క. అందులో పట్టనిది చూడండి: అమ్మాయి పదం మొదట్లో ఒకటి రెండు అక్షరాలు చూసి మిగతాది ఊహించేస్తోంది, తెలిసిన పదాల్లో ఆ ఊహ చాలావరకు ఫలిస్తోంది. అర్థం లేని కల్పిత పదాల జాబితా రాగానే వేలు ఆగిపోయింది. ఒక్కో పదానికీ పెదవులు కదిలాయి, గొంతు లేవలేదు. మూడో పదం దగ్గర పరీక్షించేవాళ్ల ముఖం వైపు చూసింది. మామూలు పదాల స్కోరు బాగానే ఉన్నా అసలు ఇబ్బంది అక్షరాన్ని శబ్దంతో కలపడంలో ఉందని చెప్పేది ఈ నాలుగు ముక్కలే. వీటి బదులు ఎంచుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఒక జాబితా ఇస్తుంది: ‘సహకరించారు’, ‘పాక్షికంగా సహకరించారు’, ‘ఉత్సాహంగా ఉన్నారు’. మొదటిది ముందే టిక్ చేసి ఉంటుంది, మన శ్రమ తగ్గించడానికి.

చివరగా సిఫారసులు. సాఫ్ట్‌వేర్ సిఫారసుల బ్యాంకులో అవి నాలుగు వందలు ఉంటాయి, ‘అన్నీ ఎంచు’ అనే బటన్ కూడా. నలభై అయిదేళ్ల ఉద్యోగికి పెన్సిల్ పట్టు నేర్పమని, ముందు బెంచీలో కూర్చోబెట్టమని, హోమ్‌వర్క్ డైరీలో రోజూ సంతకం చేయమని అచ్చవుతుంది. ఎవరు సంతకం చేయాలో రాయలేదు, బహుశా ఆయన మేనేజరు.

అన్ని సిఫారసుల్లోకీ తెలివైనది 31వది. ‘ఈ వ్యక్తికి చదవడానికి ఏమిచ్చినా క్లుప్తంగా ఇవ్వాలి. అక్షరాలు 12 నుంచి 14 పాయింట్లు ఉండాలి, వరసల మధ్య ఖాళీ ఎక్కువుండాలి, కుడి అంచు సమం చేయకూడదు, వాలు అక్షరాలు వాడకూడదు.’ బంగారం లాంటి మాట. అది 34వ పేజీ అడుగున ఉంది, 10 పాయింట్లలో, రెండు అంచులూ సమం చేసి, వాలు అక్షరాల్లో.