పేరు నామమాత్రం

బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే సందేశంలో గ్రహీత పేరు రాయాలా అని కొందరు అమాయకులు ఇంకా అడుగుతున్నారు. రాయాలండీ, తప్పకుండా రాయాలి. బ్యాంకులు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే వ్యవస్థ స్విఫ్ట్; దాని పాత సందేశంలో పేరుకీ చిరునామాకీ కలిపి 35 అక్షరాల వరుసలు నాలుగు కేటాయించారు. ఐఎస్‌ఓ 20022 అనే కొత్త సందేశ పద్ధతి వచ్చాక ఒక్క పేరుకే 140 అక్షరాల చోటు! చదువుతారా అంటారా? ఆసనం వేయడం మర్యాద, పలకరించాలని ఎక్కడా లేదు.

యంత్రం చూపంతా ఖాతా నంబరు మీదే. అంతర్జాతీయ నంబరైన ఐబాన్ 34 అక్షరాలు దాటకూడదు. నార్వే 15తో సరిపెట్టుకుంది. బుల్లి ద్వీపం మాల్టాకు 31 కావలసివచ్చాయి. ఊరు చిన్నదైనా నంబరు గొప్పది.

ఇక దాని శీలపరీక్ష. మొదటి నాలుగు అక్షరాలను తీసుకెళ్లి చివర పెట్టాలి. ఏ అంటే 10, జెడ్ అంటే 35 లెక్కన అక్షరాలను అంకెలు చేయాలి. ఆ కొండవీటి చాంతాడును 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక్క అంకె తప్పు కొట్టినా దొరికిపోతారు. పొరపాటున ముక్కూమొహం తెలియనివాడి నంబరును తప్పుల్లేకుండా కొట్టారా, శేషం నిక్షేపంగా 1 వస్తుంది. డబ్బు ఎవరికి చేరిందన్నది భాగహారానికి సంబంధించిన విషయం కాదు కదా.

ఖాళీల సంగతి మరీ ముచ్చటైనది. కాగితం మీద ఐబాన్‌ను నాలుగేసి అక్షరాలుగా విడగొట్టి రాయమంటుంది ప్రమాణం. సందేశంలో ఖాళీలు ఉండకూడదనేదీ ఆ ప్రమాణమే. ఉన్నదాన్ని ఉన్నట్టు దించినవాడే దోషి. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్లకు కూడా ఇంత అన్యాయం జరగదు.

పాత స్విఫ్ట్ సందేశంలో వాడదగ్గ గుర్తుల జాబితాలో పేర్ల మధ్య వేసే 'అండ్' (&) గుర్తుకు చోటు లేదు. ఆ గుర్తుతో కలిసి వ్యాపారం చేసుకునే భాగస్వాములు దాన్ని గుమ్మం బయటే వదిలి రావాలి. ప్రశ్నార్థకానికి మాత్రం అనుమతి ఉంది. ఎందుకో నాకు చాలాకాలం బోధపడలేదు.

యూరప్ 2015 నాటి చెల్లింపుల చట్టంలో విషయం తేల్చేసింది: మీరిచ్చిన నంబరుకు పంపితే, గ్రహీత విషయంలో బ్యాంకు తన పని సరిగ్గా చేసినట్టే. ఇంత నిర్మలమైన సిద్ధాంతానికి కూడా మచ్చ పడింది. 2025 అక్టోబరు 9 నుంచి యూరో వాడే దేశాల్లో బ్యాంకులు పంపేముందు పేరూ నంబరూ కలుస్తున్నాయో లేదో చూసి చెప్పాలట. 140 అక్షరాల ఆసనంలో కూర్చున్నాయన్ని ఇన్నాళ్లకు పలకరించారు!

కంగారు పడకండి, పంపడం ఆగదు. పేరు కలవకపోతే ఆ సంగతి చెప్పి, "అయినా పంపమంటారా?" అని అడుగుతారు. సరేనని నొక్కితే ఆ తర్వాతి కథ మీది. ప్రశ్నార్థకాన్ని ఇన్నేళ్లూ ఎందుకు దాచి ఉంచారో అప్పుడు తెలిసింది.