కాగితాలున్న బాతు

ఈ భూమ్మీద కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ప్రాణి ఏదైనా ఉందంటే అది అమెరికా అడవి బాతే. మనవాళ్లు అక్కడ గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో నిలబడతారు. బాతు మాత్రం కెనడాలో పుట్టి, మినెసోటాలో మేసి, లూసియానాలో చలికాలం గడిపి, ఎండలు ముదరకముందే వెనక్కి పోతుంది. వీసా అడిగినవాడు లేడు. పైగా దాని రాకపోకలకు ఇబ్బంది కలగకూడదని 1916లోనే అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. 1918లో అమెరికా చట్టం కూడా చేసింది.

ఈ సంగతులన్నీ నాకు నూరిపోసింది కైకలూరు పక్క పల్లెనుంచి వెళ్లి మినియాపొలిస్‌లో స్థిరపడ్డ మిత్రుడు. సాఫ్ట్‌వేర్ మనిషికి నలభై దాటాక మారథానో, భగవద్గీతో, ఫామ్‌హౌసో ఏదో ఒకటి పట్టుకుంటుంది. వీడికి బాతు వేట పట్టుకుంది. మూడు గంటల పైచిలుకు ఉత్తరాన ఉన్న లీచ్ లేక్‌కి నన్ను కూడా లాక్కెళ్లాడు. తుపాకీ వాడిది, ఫ్లాస్కు నాది.

వేటకు ముందు చదువు ఉంటుంది. రాష్ట్రానికి లైసెన్సు. కేంద్రానికి 25 డాలర్ల బాతు స్టాంపు, దానిమీద సిరాతో అడ్డంగా సంతకం. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా గొట్టంలో బిరడా. సీసపు గుళ్లు 1991 నుంచి దేశమంతా నిషేధం, నీళ్ల అడుగున పడ్డ సీసాన్ని మింగి బాతులు చచ్చిపోతున్నాయట. బాతు చావాల్సింది సీసం తిని కాదు, ఉక్కు తగిలి. ఈ తేడా ప్రభుత్వానికి చాలా ముఖ్యం.

రోజుకు ఆరు బాతులు. అందులో మాలార్డ్‌లు నాలుగు మించకూడదు, ఆ నాలుగింట్లో ఆడవి రెండు మించకూడదు. వుడ్ డక్‌లైతే మూడే. చీకటి పూర్తిగా విడవని వేళ, గంటకు యాభై మైళ్ల వేగంతో నెత్తిమీదుగా దూసుకుపోయేదాని కులం, లింగం తేల్చుకుని అప్పుడు ట్రిగ్గర్ నొక్కాలి. మన జనగణనవాళ్లు ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి కూడా ఇంత కచ్చితంగా రాసుకోరు.

ఇక సరస్సు. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే జనం పడవల్లో తిరుగుతూ కర్రలతో కొట్టి రాల్చుకునే అడవి వరి, దాని దుబ్బుల మధ్య మా పడవ. పడవ చుట్టూ గడ్డి కప్పి, మొహాలకు ఆకుపచ్చా నలుపూ పులుముకుని కూర్చున్నాం. ముందు ప్లాస్టిక్ బాతులు తేలుతున్నాయి. మన వైపు కౌజుల్ని పట్టేవాళ్లు పంజరంలో దీమం పిట్టను పెడతారు కదా, ఇక్కడ ప్రాణమున్న బాతును అలా పెట్టడం 1935 నుంచే నేరం. అందుకే ప్లాస్టిక్కు. వాటి తాళ్ల చిక్కు విప్పేసరికే వేళ్లు కొంకర్లు పోయాయి. ఆఫీసు మీటింగుల్లో మ్యూట్ తీయని మనిషి, మెళ్లో వేలాడే పీక ఊది ఆడ మాలార్డ్ గొంతుతో సరస్సు మొత్తాన్నీ పిలవడం మొదలెట్టాడు.

వచ్చాయి. ఏడెనిమిది రింగ్‌నెక్ బాతులు, గుడ్డ చింపినట్టు చప్పుడు చేస్తూ నేరుగా మా ప్లాస్టిక్ బాతుల మధ్యకి దిగాయి. టైము 6:38. ఆ రోజు సూర్యోదయం 7:14. సూర్యోదయానికి సరిగ్గా అరగంట ముందుదాకా కాల్చకూడదు, అంటే 6:44. నల్ల లాబ్రడార్ వణుకుతూ బాతుల వంక చూసింది, యజమాని వంక చూసింది. యజమాని ఫోన్ వంక చూస్తున్నాడు. ఒక బాతు వచ్చి ప్లాస్టిక్ బాతు పక్కన చేరి తీరిగ్గా రెక్కలు దువ్వుకుంది. 6:41. "కదలకురా, ఊపిరి గట్టిగా పీల్చకు" అని గొణిగాడు. 6:43కి అవన్నీ ఒక్కుమ్మడిగా లేచి, మాకు తోకలు చూపించి వెళ్లిపోయాయి. చట్టం తెలిసిన పక్షులు.

మధ్యాహ్నంలోగా తూటాలు చాలానే పేలాయి, బాతు ఒక్కటి పడింది. కుక్క తెచ్చి చేతిలో పెట్టగానే వాడు బొమ్మల కార్డు తీసి, ముక్కు మీది తెల్ల పట్టీ సరిచూసుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఒక రెక్కో తలో ఊడదీయకూడదు. దారిలో అధికారి ఆపితే చూపించాల్సిన ఆధార్ కార్డు అదే. పెట్రోలు, పడవ, బూట్లు, కుక్క తిండి కలిపితే ఆ కిలోలోపు మాంసం ఎంత పడిందో వాళ్లావిడకు చెప్పొద్దన్నాడు. ఇక్కడ రాస్తే చెప్పినట్టు కాదు.

ఇంత తతంగం ఎవరి పుణ్యమంటే ఒక కార్టూనిస్టుది. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను వ్యంగ్యచిత్రాలతో చెండాడిన డింగ్ డార్లింగ్‌ను ఆ రూజ్‌వెల్టే 1934లో వన్యప్రాణుల సంగతి చూసే బయలాజికల్ సర్వే శాఖకు అధిపతిని చేశాడు. డాలరు ధరతో వచ్చిన తొలి బాతు స్టాంపు బొమ్మ కూడా ఆయనే గీశాడు. మన దగ్గర కార్టూనిస్టుకు ప్రభుత్వం ఇచ్చేది నోటీసు కనక పోలిక అనవసరం. ఆ స్టాంపు మీద వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ కాపాడడానికీ పోతాయి. అలా ఇప్పటికి 60 లక్షల ఎకరాలు దాటాయి. కాల్చేవాడే డబ్బు కట్టి బాతుకు ఇల్లు కొనిపెడుతున్నాడు.

మనం అంత అనాగరికులం కాము. ఒకప్పుడు మన గడ్డమీదా ఆ ముచ్చట ఉండేది. 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షుల్ని రాల్చింది, ఆ అంకె రాతిమీద కూడా చెక్కి ఉంది. ఆ వేట మడుగులు మటుకు ఇవాళ్టికీ కేవలాదేవ్ జాతీయ పార్కుగా ఉన్నాయి, అది వేరే సంగతి. 1972 నాటి వన్యప్రాణి చట్టాన్ని 1991లో బిగించాక పిట్టమీద తుపాకీ ఎత్తడం మనకు నేరం. ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చే సూదితోక బాతుకు కొల్లేరులో ఏ లోటూ రానివ్వం, సరస్సు తప్ప. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నాం. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లో పెట్టించుకున్నాం. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశాం, తర్వాత గట్లు వాటంతటవే మొలిచాయి. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, అంటే అయిదో కాంటూరు దాకా అభయారణ్యం ఎక్కువైందని, మూడుకు కుదించమని అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. బాతుకు కాంటూరు లెక్కలు రావు కనక పేచీ లేదు. ఆటపాకలో గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు పెట్టుకోవడానికి చెట్లు చాలకపోతే ఇనుప స్టాండ్లు నిలబెట్టి ఇచ్చాం. ఇంత మర్యాద మినెసోటాలో ఎవరు చేస్తారు?

అయినా మంచి ఎక్కడున్నా నేర్చుకోవాలి గనక, తిరుగుప్రయాణంలో నా ప్రతిపాదన పెట్టాను: కొల్లేరుకూ ఒక స్టాంపు తేవాలి. బొమ్మ ఇనుప స్టాండు మీద గూడబాతు. ధర రెండు వేలు. సరస్సులో చెరువు తవ్వుకున్న ప్రతివాడూ కొని సంతకం పెట్టాలి, ఆ డబ్బుతో సరస్సును తిరిగి కొనాలి.

వాడు స్టీరింగ్ మీంచి చెయ్యి తీయకుండా నవ్వాడు. "మా బాబాయి పది కొంటాడ్రా. ఫ్రేము కట్టించి, కోర్టులో ఇదిగో నా పట్టా అని చూపిస్తాడు."