సవరణ: కుండీ అడుగున గులకరాళ్ల పొర, మిద్దెపై మట్టి బరువు

మిద్దెల మీద, బాల్కనీలలో కూరగాయల పెంపకం గురించి ఇంతకు ముందు రాసినప్పుడు, నీరు నిలవకుండా కుండీ అడుగున రెండు అంగుళాల మందాన గులకరాళ్లు పరచాలని సూచించాను. ఆ సూచన తప్పు. చాలాకాలంగా వింటున్న మాట కావడంతో పరిశీలించకుండానే రాశాను.

మట్టి రేణువుల మధ్య ఉండే సన్నని ఖాళీలు నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి కనుక, మట్టి అడుగుభాగం పూర్తిగా నానేవరకూ ఆ నీరు రాళ్ల మధ్యనున్న పెద్ద ఖాళీలలోకి దిగదు. దానివల్ల, మామూలుగా కుండీ అడుగున ఉండవలసిన తడిసి ముద్దయిన పొర రాళ్లపైకి చేరి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. 12 అంగుళాల లోతున్న కుండీలో టమాటాకు మిగిలేది 10 అంగుళాల మట్టే. నీరు బయటికి పోవడానికి అడుగున తగినన్ని రంధ్రాలు, మట్టిలో కొబ్బరి పొట్టు, పెర్లైట్ (తేలికైన తెల్లని ఖనిజ గుళికలు) వంటి గుల్లబరిచే పదార్థాలు ఉండాలి. రంధ్రం మరీ పెద్దదైతే మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్క అడ్డం పెడితే చాలు. ఇప్పటికే రాళ్లు వేసి నాటినవారు కాస్తున్న మొక్కలను కదిలించనవసరం లేదు. తరువాతి పంటకు మట్టి మార్చేటప్పుడు వాటిని తీసివేయవచ్చు.

మరొక సవరణ చిన్నదే అయినా ముఖ్యమైనది. మడుల బరువును అప్పుడు పొడి మట్టితో లెక్కకట్టాను. నిజానికి 30 సెంటీమీటర్ల లోతున తోటమట్టి నింపిన మడి, వాన పడి బాగా తడిసినప్పుడు, చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు తూగుతుంది. స్లాబు అంత బరువును మోయగలదో లేదో ఇంజనీరుతో చూపించుకున్న తరువాతే మడులు కట్టాలి.