ఫిషర్ ఓడింది బీ2 బంటు తిన్నందుకు కాదు

"1972 రేక్యావిక్‌లో 11వ గేమ్ చూడండి, ఫిషర్ ఆశపడి బీ2 బంటు తిన్నాడు, స్పాస్కీ ఒక్క గుర్రం ఎత్తుతో మంత్రిని బంధించేశాడు, అప్పటితో పాయిజన్డ్ పాన్ లైన్ పనైపోయింది." చెస్ గురించి మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఇది చెబుతూనే ఉంటారు. అది ఫిషర్, స్పాస్కీల ప్రపంచ టైటిల్ మ్యాచ్; ఆ గేమ్‌లో ఫిషర్‌వి నల్లపావులు. నల్ల మంత్రి వెళ్లి బీ2 గడిలోని తెల్ల బంటును తినే ఎత్తుల వరుసనే పాయిజన్డ్ పాన్ (విషపు బంటు) లైన్ అంటారు. ఇందులో ఒక్క ముక్క కూడా నిలబడదు.

ఆశపడి తినడం ఏంటండీ? ఈ లైన్ సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్‌లోది, అందులో ఏడో ఎత్తుకే నల్ల మంత్రి బీ6కి వచ్చేది ఆ బంటు కోసమే. తెల్లవాళ్లు కూడా తెలిసే వదులుతారు, మంత్రి బంటు తిని తిరిగొచ్చే ఆ రెండు మూడు ఎత్తుల్లో బలగాలన్నీ బయటికి తెచ్చుకోవచ్చని. అదే మ్యాచ్ 7వ గేమ్‌లో కూడా ఫిషర్ ఆ బంటు తిన్నాడు, ఆట 49 ఎత్తులు సాగి డ్రా అయింది.

ఇక ఆ గుర్రం. 14వ ఎత్తులో స్పాస్కీ సీ3 గుర్రాన్ని బయల్దేరిన బీ1 గడికే తీసుకెళ్లాడు, ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరించే ఎత్తు. కానీ మంత్రి అక్కడ చిక్కలేదు, బీ4కి వచ్చేసింది. అది నిజంగా దారి లేకుండా ఇరుక్కున్నది 24వ ఎత్తులో, స్పాస్కీ తెల్ల బంటు ఏ4కి వచ్చాక. మధ్యలో పది ఎత్తులున్నాయి. బోర్డు మీద పేర్చుకుని ఆడి చూడండి: 18లో హెచ్ బంటును, 20లో ఎఫ్ బంటును ముందుకు తోయడమే ఫిషర్ కొంప ముంచిందని నాకు అనిపిస్తుంది.

లైన్ చచ్చిపోయిందా? 1993 లండన్‌లో ప్రపంచ టైటిల్ మ్యాచ్, 4వ గేమ్, షార్ట్ మీద కాస్పరోవ్ నల్లపావులతో అదే బంటు తిన్నాడు. ఎత్తుల వరుస కాస్త మారినా 13 ఎత్తులయ్యేసరికి అచ్చంగా రేక్యావిక్ పొజిషనే. గుర్రం బీ1కి వెళ్తే ఆట అయిపోయేదే అయితే, 21 ఏళ్ల తర్వాత షార్ట్ ఎందుకు వెళ్లలేదు? గుర్రాన్ని డీ1కి తీసుకెళ్లాడు. కాస్పరోవ్ మంత్రి బీ4 మీదుగా వచ్చి ఈ4 బంటు కూడా తినేసింది, గేమ్ గెలిచాడు.

ఒక్కటి ఒప్పుకుంటాను: ఆ ఓటమి తర్వాత ఫిషర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ బీ2 జోలికి పోలేదు. 15వ గేమ్‌లో నైడార్ఫే ఆడాడు, ఏడో ఎత్తులో మాత్రం మంత్రికి బదులు శకటాన్ని ఈ7కి తెచ్చాడు. మ్యాచ్ 12.5–8.5తో గెలిచాడు.