బటన్ నొక్కి చెయ్యి చాచిన పెద్దమనిషి

ఒక పరిశోధన కేంద్రంలో కొత్త మెటల్ త్రీడీ ప్రింటర్‌ని ప్రారంభించడానికి వచ్చిన ముఖ్య అతిథి రిబ్బన్ కత్తిరించి, బటన్ నొక్కి, తీర్థానికి పట్టినట్టు కుడిచెయ్యి చాచి నిలబడ్డారు. వినాయకుడి బొమ్మ ఇప్పుడే వచ్చి అందులో పడుతుందని ఆయన నమ్మకం. ఎవరూ నవ్వలేదు. నవ్వకూడదు కూడా. బటన్ నొక్కితే వస్తువు వస్తుందని ఆహ్వాన పత్రికలో వేయించింది మనవాళ్లే కదా!

అలాంటి నమ్మకాన్ని కాపాడటం జాతీయ బాధ్యత. అందుకోసం కొన్ని నిజాలు జనానికి తెలియకుండా దాచాలి. అవేమిటో కింద రాస్తున్నాను, దయచేసి చదవకండి.

ఆ పెట్టెలో జరిగేది ముగ్గు వేయడం. ఒక బ్లేడు లోహపు పొడిని వెంట్రుక మందంలో సగమంత పొరగా పరుస్తుంది. దాని మీద లేజర్ ముగ్గు గీస్తుంది. గీసినచోట పొడి కరిగి గడ్డకడుతుంది. మళ్లీ పొర, మళ్లీ ముగ్గు. పొర 40 మైక్రాన్లయితే (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఆరు సెంటీమీటర్ల వినాయకుడికి 1,500 ముగ్గులు. ధనుర్మాసం నెలంతా కలిపినా మా వీధిలో అన్ని పడవు. పైగా కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఏ పద్నాలుగు వందలో ముగ్గు దగ్గరో అంచు పైకి లేచి బ్లేడుకు తగులుతుంది, పని ఆగిపోతుంది. ఇది ఎప్పుడూ రాత్రి రెండింటికే ఎందుకు జరుగుతుందో ముందు పరిశోధించాలి.

అన్నీ కుదిరి బొమ్మ తయారైనా, అది కింది పలకకు అతుక్కుపోయి ఉంటుంది. వంగిపోకుండా ప్రింటరే కట్టుకున్న ఊతాల అడవిలో స్వామి ఎక్కడో ఉంటాడు. పలకతో సహా కొలిమిలో పెట్టి లోపలి బిగువు తగ్గించాలి. వైర్‌కట్ మిషన్ మీద కోయాలి, ఊతాలు ఊడదీయాలి. అదే విమానంలోకి వెళ్లే టైటానియం భాగమైతే, మన చుట్టూ ఉన్న గాలికి వెయ్యి రెట్ల ఒత్తిడిలో, 900 డిగ్రీలు దాటిన వేడిలో ఆర్గాన్ వాయువుతో అదిమి, లోపల మిగిలిన సన్నటి బొరియల్ని మూయాలి. ఆ తరవాత మనకు చేసినట్టే సీటీ స్కాన్. అన్నీ అయ్యాక ఫిట్టర్ ఆకురాయి తీస్తాడు. ఇంత విప్లవమూ చివరికి ఆకురాయి దగ్గరికే చేరుతుందని బయటికి పొక్కితే ఇంకేమైనా ఉందా?

ఇస్రోకి ఈ జాగ్రత్త బొత్తిగా లేదు. పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశలో వాడే పీఎస్4 ఇంజన్‌ని ప్రింట్ చేసి, 2024 మే 9న 665 సెకన్లు మండించింది. 14 భాగాలు ఒక్కటయ్యాయి, 19 వెల్డింగులు పోయాయి. 565 కిలోల లోహం కావలసినచోట 13.7 కిలోల పొడి సరిపోయింది. ఇంత మంచి అంకెలు చెప్పి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. ప్రింటింగ్‌కు తగ్గట్టు డిజైన్ మార్చామని, ముందు వేడి, ప్రవాహం లెక్కలన్నీ వేశామని, అంతకు ముందే నాలుగుసార్లు కలిపి 74 సెకన్లు మండించి చూశామని చెప్పేసుకుంది. ఎవరైనా అడిగారా?

ఈ విషయంలో త్రీడీ ప్రింటింగ్ కోసం 2022లో కేంద్రం ప్రకటించిన జాతీయ వ్యూహమే నయం. దాని లక్ష్యాలు చూడండి: 50 టెక్నాలజీలు, 100 స్టార్టప్‌లు, 500 ఉత్పత్తులు, ప్రపంచ మార్కెట్‌లో 5 శాతం వాటా. ఒక్క అంకెకైనా గరుకు లేదు. ప్రింటర్‌లోంచి అంత నున్నటి వస్తువు ఇంతవరకూ ఒక్కటీ బయటికి రాలేదు.

ఇంతకీ ఆ అతిథి చెయ్యి ఇంకా చాచే ఉంది. డైరెక్టర్‌గారికి టెన్షన్‌తో చెమటలు పట్టాయి. అప్పుడు, ఫొటోలో పడొద్దని వెనక నిలబెట్టిన ఫిట్టర్ ముందుకొచ్చి, వారం కిందటే ప్రింటయి, తను రెండ్రోజులు రుద్దిన వినాయకుణ్ణి చొక్కా జేబులోంచి తీసి ఆ అరచేతిలో పెట్టాడు.

అతిథిగారు మురిసిపోయి, "చూశారా, ఇంకా వేడిగానే ఉంది!" అన్నారు.