సంబంధం మాట్లాడేటప్పుడే వీసా సంగతీ మాట్లాడాలి

"అబ్బాయికి గ్రీన్ కార్డు వచ్చేసిందట" అన్న మాటకు పెళ్లి సంబంధాల్లో ఎంత బరువుందో మనందరికీ తెలుసు. గ్రీన్ కార్డంటే అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి. హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవాడి కంటే ఒక మెట్టు పైనే చూస్తారు. ఉద్యోగం పోయినా దేశం వదిలి వెళ్లాల్సిన పని లేదు, పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకునే స్టాంపింగ్ టెన్షన్ లేదు. అబ్బాయి వరకు ఇదంతా నిజమే. అమ్మాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. హెచ్-1బీ అబ్బాయిని చేసుకున్న అమ్మాయి హెచ్-4 అనే డిపెండెంట్ వీసాకు పెట్టుకుని, ఇంటర్వ్యూ స్లాటు దొరికి స్టాంపింగ్ అయిపోతే విమానం ఎక్కుతుంది. గ్రీన్ కార్డు వచ్చాక పెళ్లి చేసుకున్నవాడి భార్య మాత్రం ఎఫ్2ఏ అనే కోటా వరసలో నిలబడాలి. అది నెలల్లో తేలే వ్యవహారం కాదు.

ఈ తేడా పెళ్లికి ముందు అమ్మాయి వైపు వాళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు చాలా తక్కువ. నా బాధ దాని గురించే.

వారాంతాల్లో ఇక్కడ అమెరికాలో మనవాళ్లకు ఇమ్మిగ్రేషన్ కాగితాలు సర్దుకోవడంలో సాయం చేస్తుంటాను. నేను లాయర్ని కాను. చిక్కు కేసులైతే లాయరు దగ్గరికే పంపిస్తాను. నా ఎదురుగా కూర్చునేది ఎక్కువగా అబ్బాయిలే. అమ్మాయి ఫోన్లో ఉంటుంది, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో. అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఆ ఫోన్లో ఎన్నోసార్లు విన్న మాట ఇది: "ఇంత కాలం పడుతుందని మాకు ముందు తెలియదండీ."

అసలు ఈ వరస ఎలా నడుస్తుందో కాస్త చెబుతాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్యాభర్తలకు, పెళ్లికాని పిల్లలకు కలిపి ఏడాదికి 1,14,200 వీసాలని చట్టంలో ఉంది. అందులో 77 శాతం భార్యాభర్తలకు, 21 ఏళ్లలోపు పిల్లలకు, అదే ఎఫ్2ఏ. ప్రపంచం మొత్తానికి ఇవే. ఉద్యోగాల కోటాలో ఇండియా వాళ్లు పడే అవస్థ ఇక్కడ లేదు, ఎందుకంటే ఈ వీసాల్లో నాలుగింట మూడొంతులకు దేశాల వారీ పరిమితి వర్తించదు. కానీ ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేం. 2019 జులై నుంచి 2023 మార్చి దాకా, అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో ఈ కేటగిరీ కరెంట్‌గా, అంటే వరస లేకుండా ఉంది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకున్నారు. 2023 ఏప్రిల్ బులెటిన్ వచ్చేసరికి తేదీ ఒక్కసారిగా 2020 సెప్టెంబర్ 8కి వెనక్కి వెళ్లిపోయింది, అంటే అంతకుముందు పిటిషన్ వేసినవాళ్లకే వీసా. ఆ మాఘమాసం ముహూర్తాలకు తాళి కట్టి, ఏడాదిలో భార్య వచ్చేస్తుందని అత్తమామలకు మాటిచ్చిన అబ్బాయిలకు ఆ మాట నిలబెట్టుకునే దారి లేకుండా పోయింది.

ఇందులో పెళ్లి తేదీకి చాలా ప్రాధాన్యం ఉంది. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు వచ్చేవాళ్లలో, అది అప్రూవ్ కాకముందే పెళ్లయితే భార్య అతని కేసులోనే, వరసలో అతని స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ మీదే రావచ్చు. దాన్ని ఫాలో టు జాయిన్ అంటారు. అప్రూవల్ వచ్చిన మర్నాడు పెళ్లయినా సరే, భార్య కోసం కొత్తగా ఐ-130 పిటిషన్ వేసి ఎఫ్2ఏలో నిలబడాల్సిందే. ముహూర్తం పెట్టించడానికి పంతులుగారి దగ్గరికి వెళ్లేముందు లాయరుతో ఒక్క గంట మాట్లాడి ఉంటే రెండు మూడేళ్లు కలిసొచ్చేవన్న కుటుంబాలు నాకు తెలుసు.

అబ్బాయి అమెరికా సిటిజన్ అయితే కోటా గొడవ లేదు, ఎన్ని వీసాలైనా ఇస్తారు. అయినా ప్రయాణం చిన్నదేం కాదు. ఐ-130 ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ దగ్గర నడవాలి, దానికే ఏడాది పైమాట అవుతోంది. తర్వాత న్యూ హాంప్‌షైర్‌లో ఉన్న నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ ఫీజులు కట్టి, డీఎస్-260 అనే ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు నింపి, సర్టిఫికెట్లన్నీ అప్‌లోడ్ చేసి, అన్నీ సరిగా ఉన్నాయని వాళ్లు తేల్చాక ఇంటర్వ్యూ తేదీ కోసం మళ్లీ ఎదురుచూపు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 2023లో అంత పెద్ద కాన్సులేట్ భవనం తెరిచినా ఈ ఇంటర్వ్యూలు అక్కడ జరగవు. మన అమ్మాయిలు ముంబై వెళ్లాలి. ఈ సంగతి ఇంటర్వ్యూ లెటర్ చూశాక తెలుసుకుని కంగారుపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ కాలమంతా మోసేది అమ్మాయి. అబ్బాయికి ఇక్కడ ఆఫీసు ఉంటుంది, స్నేహితులుంటారు. అమ్మాయి పెళ్లి కుదరగానే గచ్చిబౌలిలో ఉద్యోగం మానేసి ఉంటుంది, ఎలాగూ వెళ్లిపోతుంది కదా అని. తొలి ఆషాఢం పుట్టింట్లో గడుస్తుంది, అది అందరికీ ఉన్నదే. శ్రావణం వచ్చి మంగళగౌరీ నోము పట్టిన దగ్గర్నుంచి మొదలవుతుంది, వాయనం తీసుకోవడానికి వచ్చిన ప్రతి పిన్నీ, ప్రతి అత్తయ్యా అడగడం: "ఎప్పుడమ్మా ప్రయాణం?" రెండో శ్రావణానికి ఆ ప్రశ్న మారుతుంది: "అంతా బాగానే ఉందా? అబ్బాయి ఫోన్ చేస్తున్నాడా?" ఆమె తప్పేమీ లేకుండా ఆమె కాపురం మీద అనుమానం మొదలవుతుంది. వీసా ఆలస్యమన్న సంగతి పెళ్లికి ముందే పదిమందికీ తెలిసి ఉంటే ఆ పిల్ల తలెత్తుకుని "2027 దాకా పడుతుంది పిన్నీ" అని చెప్పగలిగేది. ఉద్యోగమూ మానేసేది కాదు. నా మాట అడిగితే, ముంబై ఇంటర్వ్యూ తేదీ చేతికొచ్చేదాకా ఏ అమ్మాయీ రాజీనామా చేయకూడదు.

ఇంకో విషయం నన్ను బాగా కలచివేస్తుంది. చాలా ఇళ్లలో కేసు నంబరు అమ్మాయికి తెలియదు. లాగిన్ అబ్బాయి దగ్గర ఉంటుంది, లేదా ఆయన బాబాయి దగ్గర ఉంటుంది. డీఎస్-260 ఆమె దరఖాస్తు, అందులో ప్రతి జవాబుకూ బాధ్యత ఆమెది. ముంబైలో కిటికీ ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసేది ఆమె. అందులో ఏం రాశారో ఆమె ఒక్కసారి కూడా చదవకుండా సబ్మిట్ చేసేస్తున్నారు. ఆమె చదివిన కాలేజీ, చేసిన ఉద్యోగాల తేదీలు కూడా ఆమెను అడక్కుండా రెజ్యూమె చూసి నింపేసిన ఫారాలు నేను చూశాను. పెళ్లయిన వారంలోనే లాగిన్, పాస్‌వర్డ్, రసీదు కాపీలు, లాయరు ఫోన్ నంబరు ఆమెకు ఇవ్వాలి. నన్ను సాయం అడిగినవాళ్లకు నేను పెట్టే మొదటి షరతు ఇదే.

ఆమెకు తెలియాల్సినవి ఇంకా ఉన్నాయి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెడితే ఆమెకు వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు. అది ముగిసేలోపు చివరి 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. కాపురం చెడి విడాకులైనా, హింస ఎదురైనా భర్త సంతకం లేకుండా ఆమె ఒక్కతే అది వేసుకునే వీలు చట్టంలో ఉంది. స్పాన్సర్‌గా భర్త ఐ-864 మీద సంతకం చేస్తాడు. ఆమెను పోషిస్తానని ప్రభుత్వానికి రాసిచ్చే ఆ హామీ విడాకులతో రద్దు కాదు. ఇవి శుభమా అని పెళ్లి మాటల్లో ఎత్తాల్సిన విషయాలు కావనే పెద్దవాళ్లుంటారు. దేశం కాని దేశానికి పిల్లను పంపిస్తున్నప్పుడు ఎత్తాల్సిన విషయాలే అని నేనంటాను.

ఇక కాగితాలు. యూఎస్‌సీఐఎస్ ఎంత కాలం తీసుకుంటుందో మన చేతుల్లో లేదు, కానీ మన ఊళ్లో తయారుకావాల్సిన కాగితం ఆలస్యమైతే ఆ ఆలస్యం మనదే. పెళ్లికి ముందే మొదలుపెట్టగలిగిన పని ఇదొక్కటే, మనవాళ్లు ఆఖరికి వదిలేసేది కూడా ఇదే. మొన్నీమధ్య నా ముందుకు వచ్చిన ఒక ఫైలు చెబుతాను. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరుంది, తండ్రి పేరుంది, ఆసుపత్రి ఉంది, బిడ్డ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఆసుపత్రి నుంచి మున్సిపాలిటీకి వివరాలు వెళ్లేనాటికి బారసాల కాలేదు, తర్వాత పేరు చేర్పించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పదిహేనేళ్లలోపు చేర్పించుకోవాలని నిబంధన. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఇంటర్ మెమోలో అదే ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్లింది. తండ్రి పేరు సుబ్బారావు, ఒక కాగితంలో కలిపి, ఇంకో కాగితంలో సుబ్బ వేరు, రావు వేరు. మనకు చూడగానే ఒకే మనిషని తెలుస్తుంది. తెలుగు పేర్లు తెలియని ఆఫీసరుకు ఎలా తెలుస్తుంది? వాళ్ల తప్పేం లేదు.

బర్త్ సర్టిఫికెట్ అసలే లేకపోతే రెండు దారులు. పుట్టిన ఏడాది దాటాక రిజిస్టర్ చేయాలంటే మెజిస్ట్రేట్ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరగడమంటే అదే. లేదా రికార్డులో లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి టెన్త్ మెమో, పెద్దవాళ్ల అఫిడవిట్లు జతచేయాలి. రెండింటికీ సమయం పడుతుంది, రెండూ నిశ్చితార్థం నాడే మొదలుపెట్టవచ్చు.

మ్యారేజ్ సర్టిఫికెట్ సంగతి ఇంకా సులువు, అయినా జారిపోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇద్దరూ కలిసి, సాక్షులతో సహా వెళ్లాలి. అబ్బాయి సెలవు మూడు వారాలు. వ్రతం, మూడు నిద్దర్లు, రిసెప్షన్, తిరుపతి, ఇవన్నీ పోగా ఆ ఒక్క పూట ముందే కేటాయించకపోతే సర్టిఫికెట్ లేకుండా విమానం ఎక్కేస్తాడు. దాంతో ఐ-130 అక్కడే ఆగుతుంది.

పాస్‌పోర్టులో అమ్మాయి ఇంటిపేరు మార్చాలని అత్తగారివాళ్లు తొందరపెడితే, దయచేసి ఆగండి. వీసాకు అది అవసరమే లేదు. పుట్టినప్పటి నుంచి ఉన్న కాగితాలన్నీ ఒక పేరుతో, పాస్‌పోర్టు ఒక్కటి ఇంకో పేరుతో తయారవుతుంది.

కేసు తొందరగా కదలాలని ముందు రిజిస్టర్ పెళ్లి, ఆరు నెలల తర్వాత అసలు పెళ్లి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసేది జరిగిన పెళ్లిని. జరగని పెళ్లికి జరిగినట్టు తేదీ వేయించుకోవడం తప్పుడు కాగితం పుట్టించడమే. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకుంటే సక్రమమే, 30 రోజుల నోటీసు ఉంటుంది. కానీ ఆ సంతకంతో వాళ్లు భార్యాభర్తలైపోయినట్టే. ఆ ఆరు నెలల్లో సంబంధం చెడితే కోర్టుకెళ్లి విడాకులు తీసుకోవాలి, ఆ మచ్చ ఎవరి మీద పడుతుందో నేను చెప్పక్కర్లేదు.

మధ్యలో ఒకసారి చూసిపోదామని విజిటర్ వీసాకు వెళ్లేవాళ్లకు ఒక మాట. మీ పేరు మీద ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని ఆ వీసా దరఖాస్తు డీఎస్-160లో సూటిగా అడుగుతారు. "లేదని పెట్టండి, ఎవరు చూస్తారు" అని చెప్పే ఏజెంట్లను నమ్మి ఆ గడిలో అబద్ధం రాస్తే, అది రేపు అసలు వీసానే శాశ్వతంగా అడ్డుకోగలదు. నిజం రాస్తే విజిటర్ వీసా రాకపోవచ్చు. అదొక్కటే పోతుంది.

ఒకవేళ వీసా నిరాకరిస్తే కోర్టుకెళ్లి తెచ్చుకోవచ్చన్న ధీమా కూడా పెద్దగా పెట్టుకోవద్దు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు మునోజ్ కేసులో 6-3తో తీర్పిచ్చింది. విదేశీ భార్యను లేదా భర్తను దేశంలోకి రానివ్వాలని కోరే ప్రాథమిక హక్కు సిటిజన్‌కు రాజ్యాంగంలో లేదని చెప్పింది. కేసు కదలకుండా ఉండిపోతే అమెరికా కాంగ్రెస్‌లోని మన ప్రతినిధుల ఆఫీసులు విచారిస్తాయి, ఫెడరల్ కోర్టులో నిర్ణయం తీసుకోమని అడగొచ్చు. ఏ నిర్ణయం తీసుకోవాలో మాత్రం మనం చెప్పలేం. ఇంత పెద్ద దేశంలో ఇంత చిన్న మాటకు దిక్కులేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ అన్యాయం ఉందని తెలిసి కూడా అమ్మాయి వాళ్లకు చెప్పకపోవడం మనం చేస్తున్న అన్యాయం.

ఇక్కడి మన తెలుగు సంఘం పెద్దలకు ఒక విన్నపం. వివాహ పరిచయ వేదికలకు పేర్లు నమోదు చేసుకునే దరఖాస్తులో ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అని ఒక గడి ఉంటుంది. దాని కింద ఇంకో రెండు గడులు పెట్టించండి: పెళ్లయితే భార్య లేదా భర్త ఏ వీసా మీద రావాలి, ఆ వీసాకు ఇప్పుడు సుమారు ఎంత కాలం పడుతోంది. రెండో గడి ప్రతి నెలా వీసా బులెటిన్ చూసి సరిచేయాలి. ఆ పని చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను, నాతోపాటు కూర్చునేవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు కావాలి.